రెండు లేదులు

మా మరిది జగ్గయ్యపేటలో పెళ్ళిసంబంధాల ఆఫీసు పెట్టిన కొత్తల్లో దానికి కంప్యూటర్ లేదు, నేనే ఉన్నాను. బస్టాండుకి వెళ్ళే దారిలో ఒక గది, నాలుగు ఫైళ్ళు, ఫొటోలు దాచడానికి ఒక బిస్కెట్ డబ్బా. సాయంత్రం ఆ డబ్బా ఇంటికి తెచ్చి, "వదినా, వీళ్ళకీ వాళ్ళకీ వరస కలుస్తుందేమో చూడు" అనేవాడు. నేను పప్పు రుబ్బుతూనే చెప్పేదాన్ని. ఫలానా అబ్బాయి తల్లి ఫలానా ఊరి ఆడపడుచు, ఈ అమ్మాయి తల్లికి అక్క వరస, పిల్లలు అన్నాచెల్లెళ్ళవుతారు, పక్కన పెట్టు. ఇది మేనరికమే, నిక్షేపంలా చేసుకోవచ్చు.

నా చదువు అయిదో తరగతితో ఆగింది. అయితే ఎవరింటి పిల్ల ఎవరింటికి కోడలైందో, ఏ పాలివాళ్ళు ఏ గట్టు తగాదాలో విడిపోయి ఏ ఊరు చేరారో ఒకసారి వింటే నాకు మరుపు రాదు. కొందరికి పాట పట్టుబడుతుంది, కొందరికి ముగ్గు. నాకిది పట్టుబడింది. తొంభైల్లో మా వీధిలో ఏ ఇంట్లో పెళ్ళిమాట వచ్చినా ముందు మా వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి అడిగాకే జాతకాల దాకా వెళ్ళేవాళ్ళు. ఇప్పుడెవరూ రారు. తప్పు వాళ్ళది కాదు.

కంప్యూటర్ వచ్చింది, దాని వెనకాలే మా అన్నయ్య కూతురూ వచ్చింది. ఎం.సి.ఏ. పాసైంది, ఆ రెండేళ్ళూ కంప్యూటర్ ఉద్యోగాలు ఎక్కడా లేవు. ఇంట్లో ఊరికే కూచుంటే ఇరుగూ పొరుగూ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పలేక మా ఇంటికి వచ్చేసింది. మరిది ఆఫీసులో వివరాలు ఎక్కించే పని చూసేది. చురుకైన పిల్ల. పదిహేను రోజులు నన్ను గమనించి ఒకనాడు అంది.

"అత్తా, నీ బుర్రలో ఉన్నదంతా రూల్సే. అవి రాసి మిషనుకి ఇస్తే అదే చూసుకుంటుంది."

"నా బుర్రలో ఉన్నవి మనుషులే. రూల్సు మీ మాస్టర్లు చెప్తారు" అన్నాను.

అది వదల్లేదు. వేసవి మధ్యాహ్నం ఇద్దరం కొత్త ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తూ కూచున్నాం. పక్కన నోటుపుస్తకం పెట్టుకుంది. నాలుగు కాయలు తుంచడం, నాలుగు ముక్కలు రాయడం, రెండుసార్లు తుమ్మడం.

"ఇద్దరికి పెళ్ళి ఎప్పుడు కుదరదు? ఒక్కోటీ చెప్పు."

"ఇంటిపేరు ఒకటైతే కుదరదు. గోత్రం ఒకటైతే కుదరదు. తల్లులు అక్కచెల్లెళ్ళైతే కుదరదు."

"సొంత అక్కచెల్లెళ్ళా, వరసకా?"

"వరసకైనా అంతే."

"వరసకని ఎట్లా తెలుస్తుంది?"

"వాళ్ళ అమ్మలు అక్కచెల్లెళ్ళైతే వీళ్ళు అక్కచెల్లెళ్ళు."

పెన్ను ఆపి నవ్వింది. "రూల్లోంచి మళ్ళీ అదే రూలు పుడుతోందత్తా! మా సారు వింటే ఎగిరి గంతేస్తాడు."

"గంతేస్తే వేయనీ. ముందు ఆ పుస్తకం జరుపు, గింజలు పడుతున్నాయ్. ఆ చేతుల్తో కళ్ళు నలుపుకోమాక."

అలా పదిరోజులు. అది రాసుకున్నది మామూలు రాత కాదు. ఒక్కో ఆఫీసులో ఒక్కో రకం కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉంటుందట, ఒకదానికి చెప్పిన రూలు ఇంకోదానికి అర్థం కాదట. అందుకని పై దేశాల్లో బాగా చదువుకున్నవాళ్ళు కూచుని, రూల్సు ఇచ్చి పుచ్చుకోవడానికి ఒక ఉమ్మడి భాష తయారుచేస్తున్నారట. రూల్లో ప్రతి ముక్కకీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు పెట్టి ఇంటర్నెట్‌లో పంపితే, ఏ ఊరి కంప్యూటరైనా ఇది 'అయితే' భాగం, ఇది 'అప్పుడు' భాగం అని పోల్చుకుంటుందట.

"అంటే డబ్బాల మీద చీటీలు అంటించడం" అన్నాను. "కొత్తకోడలు వంటింట్లోకి రాగానే ఉప్పేదో పంచదారేదో తెలియడానికి."

"అదేనత్తా! దాన్ని మార్కప్ అంటారు. చీటీలే!"

రాసింది చదివి వినిపించేది. "అయితే. తండ్రులు అన్నదమ్ములు. అయితే అయిపోయింది. అప్పుడు. పిల్లలు అన్నాచెల్లెళ్ళు. అప్పుడు అయిపోయింది."

"అదేం చదువే, శాంతి చేయిస్తున్నట్టు?"

"తెరిచిన ప్రతిదానికీ మూత పెట్టాలత్తా. ఒక్క మూత మరిచిపోయినా మిషను అలుగుతుంది."

"మీ మావయ్య నయం. అలిగినా అన్నం తింటాడు."

దత్తత దగ్గరకొచ్చేసరికి మాత్రం ఇద్దరం ఒక పూటంతా ఆగిపోయాం. నేను చెప్పింది ఇది: దత్తత పోయినవాడికి ఇళ్ళు రెండు. పుట్టిన ఇల్లూ చూడాలి, పెరిగిన ఇల్లూ చూడాలి. దత్తత లేదంటే ఒకవైపు చూస్తే చాలు.

"లేదని ఎవరు చెప్పాలి?" అంది.

"తెలిసినవాళ్ళు చెప్పాలి."

"ఎవరూ చెప్పలేదనుకో. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉందనుకో. అప్పుడు లేనట్టేగా?"

"ఎట్లా అవుతుందే? పక్కింటావిడ పంచదార ఉందా అంటే లేచి డబ్బా మూత తీసి చూసి లేదంటాం. అదొక లేదు. నడుం వాల్చినచోటు నుంచే లేదంటాం. అదొక లేదు. రెండూ ఒకటేనా? మొదటిది చూసిన లేదు. రెండోది చూడని లేదు. పెళ్ళిళ్ళకి చూడని లేదు పనికిరాదు. ఖాళీగా ఉంటే అడగమని రాయి."

దాని మొహం వెలిగిపోయింది. లేచి వెళ్ళి తన లావు పుస్తకం తెచ్చి నా ముందు తెరిచింది, నాకేదో ఇంగ్లీషు చదవడం వచ్చినట్టు. ఆ ఉమ్మడి భాషలో కూడా రెండు లేదులు ఉన్నాయట. కాదని తెలిసినదానికి ఒక చీటీ, ఉందని తేలలేదు కాబట్టి లేదనుకున్నదానికి వేరే చీటీ. "నువ్వు చెప్పిందే అత్తా, అచ్చం!" అని నా మెడ చుట్టూ చేతులేసింది. పై దేశాల్లో చదువుకున్నవాళ్ళకీ, మిరపకాయలు తుంచుకునే నాకూ ఒకే మాట తట్టిందని ఆ రోజంతా నాకు ఒకటే సంబరం. ఆ సంబరం తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా కంప్యూటర్‌లో ఆ రూలు బాగానే నడిచింది. దత్తత గడి ఖాళీగా ఉన్న చోటల్లా 'అడగాలి' అని చూపించేది. మరిది వచ్చి నన్ను అడిగేవాడు. నేను చెప్పేదాన్ని.

నందిగామలోనూ అలాంటి ఆఫీసే ఒకటి ఉండేది. నడిపేది పెద్దాయన, మాట మెత్తన. ఒకరోజు మా ఇంటికి భోజనానికి వచ్చి, గోంగూర రెండోసారి వడ్డించుకుని, "అమ్మా, మీ మేనకోడలు చెప్పిందండి. మీ రూల్సు పంపితే మా దగ్గర కూడా పెట్టుకుంటామండి. రెండూళ్ళ సంబంధాలూ ఇటూ అటూ చూసుకోవచ్చు" అన్నాడు. మా మేనకోడలు ఆ చీటీల మూట నెట్‌లో పంపింది. వారానికల్లా ఆయన ఫోన్ చేసి, "అమ్మా, మీ నోటిమాట నందిగామలో పనిచేస్తోందండి" అన్నాడు. ఏమో, చాలా మురిసిపోయాను.

నా మాట ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాక నన్ను అడిగేవాళ్ళు తగ్గారు. ముందు వీధివాళ్ళు, తర్వాత మరిది కూడా. పోన్లే, నడుంనొప్పి మనిషిని, నాలుగు మాటలు తగ్గితే మంచిదేగా అనుకున్నాను.

మాకు రెండిళ్ళ అవతల ఒక గుమాస్తాగారి కుటుంబం ఉండేది. ఆయన ఉద్యోగం నందిగామలో. పెద్దమ్మాయి కంచికచర్లలో టీచరు. రోజూ పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేది, సాయంత్రం దిగి ఇంటికి పోకుండా నేరుగా మా వంటింట్లోకొచ్చి మూతలు తీసేది. "పిన్నీ, ఏం చేసావ్? ఆకలి చంపేస్తోంది. మీ ఇంట్లో తిన్నానని అమ్మకి చెప్పమాక." మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్ల. అదే దానికి చిక్కైంది. చూడవచ్చిన ప్రతివాళ్ళూ కాఫీలు తాగి, పక్కపక్కన నిలబెట్టి చూసి, అబ్బాయి కంటే పొడుగని వెళ్ళిపోయేవాళ్ళు. ఇరవయ్యెనిమిది వచ్చాయి. "తల తీయించుకురానా పిన్నీ?" అని నవ్వేది. ఆ నవ్వు చివర ఎక్కడ తెగుతుందో నాకు తెలుసు.

దానికి సంబంధం కుదిరింది. నందిగామ పెద్దాయన ఆఫీసులోనే. ఇక్కడ మా మరిది మూడేళ్ళుగా ఏమీ కుదర్చలేకపోయాడు కదా, గుమాస్తాగారు అక్కడా పేరు రాయించారు. అబ్బాయిది అక్కడే కరెంటాఫీసులో పని. పిల్ల కంటే బెత్తెడు పొడుగు. నేనప్పుడు జి.కొండూరులో మా అక్క కాలు విరిగితే చేయడానికి వెళ్ళి నెలన్నర ఉండిపోయాను. తాంబూలాలు కూడా నేను లేనప్పుడే అయ్యాయి. తిరిగొచ్చాక పిల్ల నా చెయ్యి పట్టుకుని ఊపేస్తూ చెప్పింది. సాయంత్రం బస్సు నందిగామ స్టాండులో పది నిమిషాలు ఆగుతుందట. అతను కిటికీ దగ్గరకొచ్చి నిలబడతాడట. జామకాయలో, మొక్కజొన్న పొత్తులో తెస్తాడట. "కిటికీ ఎత్తుకి సరిపోతాడు పిన్నీ. నేను వంగక్కర్లేదు."

నేను గుమాస్తాగారిని అడిగాను, "వరసలు చూసుకున్నారా అన్నయ్యగారూ?" అని.

"అయ్యో, మీ రూల్సేనటమ్మా అందులో. కుదిరిందని వచ్చింది. మిమ్మల్ని అడిగినట్టే కదా" అన్నారు.

నాకూ నిజమేననిపించింది. ఇంకేమీ అడగలేదు.

శుభలేఖలు అచ్చయి వచ్చాయి. మొదటిది దేవుడికి, రెండోది నాకు అని ఆ పిల్లే తెచ్చి పెట్టింది. నేను కూడబలుక్కుని చదువుతాను. అబ్బాయి పేరు, తండ్రి పేరు, తర్వాత తాతగారి పేరు, రెడ్డిగూడెం వాస్తవ్యులని. ఆ ఇంటిపేరు దగ్గర నా వేలు ఆగింది. అది నేనెరిగిన ఇల్లు. ఆ తాతగారికీ ఆయన భార్యకీ పిల్లలు లేరు. వాళ్ళకి కొడుకనేవాడు ఉంటే ఒకడే, తెచ్చుకున్నవాడు.

నాకు ఏడేళ్ళప్పుడు మా జి.కొండూరులో, మా పక్కింటి నుంచే తీసుకెళ్ళారు వాణ్ణి. నలుగురు మగపిల్లల్లో మూడోవాడు, నాలుగేళ్ళుంటాయి. పందిరేశారు. కొత్త చొక్కా తొడిగారు, అది మోకాళ్ళ దాకా వచ్చింది. నాకు కొబ్బరిముక్క పెట్టారు. అందరూ వాడు ఏడుస్తాడని చూస్తుంటే వాడు ఏడవలేదు. బండి మా ఇల్లు దాటాక ఏడుపు వినపడింది. వాడి సొంత పెదనాన్నే మన గుమాస్తాగారి తండ్రి. పంటబోదె నీళ్ళ దగ్గర తమ్ముడితో తగువుపడి, మళ్ళీ ఆ ఊరి నీళ్ళు తాగనని భార్య ఊరు జగ్గయ్యపేట వచ్చేసిన మనిషి. కొడుక్కి మూడేళ్ళు నిండకుండానే పోయాడు. గుమాస్తాగారు మేనమామల ఇంట్లో పెరిగారు. బాబాయి ఉన్నాడనే ఎరగరు, బాబాయి ఎవరినో దత్తత ఇచ్చాడని ఎలా ఎరుగుతారు? వాళ్ళమ్మ ఎత్తని మాట నేనూ ఎప్పుడూ ఎత్తలేదు.

అంటే ఆ అబ్బాయి తండ్రీ గుమాస్తాగారూ అన్నదమ్ముల బిడ్డలు. వాళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళు. ఆ పొడుగు ఇద్దరికీ ఒక్కచోటి నుంచే వచ్చింది.

శుభలేఖ కొంగులో పెట్టుకుని ఆఫీసుకి నడిచాను. కోడల్ని మా కంప్యూటర్‌లో చూడమన్నాను. ఇద్దరి వివరాలూ కొట్టింది. తెర మీద 'అడగాలి' అని వచ్చింది. నందిగామ పెద్దాయనకి ఫోన్ చేసింది. చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. దాని మొహం తెల్లబోయింది.

"ఏమంటాడే?"

"వాళ్ళ ప్రోగ్రామ్‌కి ఒక్క లేదే తెలుసటత్తా. మనం పంపిన రెండు చీటీల్లో ఒకటి దానికి అర్థం కాలేదు. అర్థం కాకపోతే ఆగాలి కదా, ఆగలేదు. రెండు చీటీలూ పీకేసి ఒకటే అంటించుకుంది. గడి ఖాళీగా ఉంటే దత్తత లేదనుకుంది. కుదిరిందని చెప్పేసింది."

"ఆ అబ్బాయి వాళ్ళు గడి ఎందుకు ఖాళీ పెట్టారు?"

"ఎవరు రాస్తారత్తా, మా నాన్న తెచ్చుకున్న కొడుకని?"

అదీ నిజమే. ఇంట్లో పెద్దవాళ్ళు బతికుండగా ఎవరూ రాయరు. నోటితో అడిగితే చెప్తారు. అడిగేవాళ్ళు అడగడం మానేశారు, నా మాట ఉందని.

మా ఆయనకి చెప్పాను. పేపర్ మడిచి పక్కన పెట్టి అడిగారు.

"ఈ సంగతి నీకు తెలుసని ఎవరికైనా తెలుసా?"

"కోడలికి చెప్పా."

"అది నోరెత్తదు. ఇంకెవరికీ తెలీదుగా?"

"లేదు."

"మరింకేం? వెళ్ళి అన్నం వడ్డించు."

మూడుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. నాలుగోసారి లోపలికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళందరికీ ధర్మం కోసం చెప్పానని చెప్పాను. ఇప్పుడు మొత్తం చెప్తున్నాను కాబట్టి నిజమే చెప్పాలి. ధర్మం సగం. మిగతా సగం భయం. రేపెప్పుడో రెడ్డిగూడెం నుంచి ఏ ముసలమ్మో వచ్చి పెళ్ళిలో ఈ మాటంటే, ఆవిడ రూల్సు పెట్టుకుంటే ఇట్లాగైంది అని ఊరంతా నన్నే అంటుంది. నా పేరు పోతుందని నా భయం. ఒక పిల్ల బతుకు ఒకవైపు, నా పేరు ఒకవైపు. నేను ఏది చూసుకున్నానో ఇప్పుడు చెప్పడానికి మొహం చెల్లదు.

గుమాస్తాగారు విని, శుభలేఖ తీసుకుని మళ్ళీ మొదటి నుంచి చదివారు. ఆయన భార్య, "వదినా, నీకు బాగా గుర్తుందా? వేరే ఊరేమో, వేరే ఇల్లేమో" అని ఒకటే బతిమాలింది. నేను గుర్తులేదేమో అనొచ్చు. నా మొహం చూసే ఎవరైనా నమ్మేవాళ్ళు, యాభై దాటినదాన్ని. అనలేదు. చొక్కా మోకాళ్ళ దాకా వచ్చిందని కూడా చెప్పాను.

ఆయన మర్నాడే రెడ్డిగూడెం వెళ్ళారు. పెంచిన తల్లి ఇంకా ఉంది. మంచంలో లేచి కూచుని అన్నీ చెప్పిందట. అబ్బాయి తండ్రి, అంటే ఆ మూడోవాడు, గుమాస్తాగారిని కౌగలించుకుని అన్నయ్యా అని ఏడ్చాడట. నలభై ఏళ్ళు దాటిపోయాక పుట్టింటి మనిషిని చూశాడు పాపం. ఇద్దరూ కలిసి భోంచేశారట. ఆ భోజనంతోనే పెళ్ళి ఆగిపోయింది. అన్నాచెల్లెళ్ళని పీటల మీద ఎలా కూచోబెడతాం అని వాళ్ళిద్దరే అనుకున్నారు. అబ్బాయి మాత్రం ఒప్పుకోనన్నాడని, వారం రోజులు ఇంట్లో అన్నం ముట్టలేదని తర్వాత విన్నాను.

పిల్ల నాలుగు రోజులు కనపడలేదు. అయిదో రోజు బస్సు దిగి, సంచీ భుజాన ఉండగానే వంటింట్లోకి వచ్చింది. మూతలు తీయలేదు. పొయ్యి దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది.

"బస్సు ఇవాళ కూడా పది నిమిషాలు ఆగింది పిన్నీ."

నేను పొయ్యి మంట తగ్గించాను.

"నాకొక్కటి చెప్పు. మిషనుకి తెలియలేదు, లేదంది. నువ్వు కూడా నాకోసం ఒక్కసారి తెలియనిదానివిగా ఉండలేకపోయావా?"

"వరసమ్మా అది..."

"మా నాన్నకి బాబాయి ఉన్నాడని మా నాన్నకే తెలీదు. ఆయన కొడుకుని ఎవరికిచ్చారో మా ఊరికి తెలీదు. అతనికి తెలీదు, నాకు తెలీదు. లోకం మొత్తానికి లేని చుట్టరికం, నీ ఒక్కదాని బుర్రలో ఉంది. నీ బుర్రలోది నా మెడకి కట్టావ్."

గ్లాసుతో మంచినీళ్ళిచ్చాను. తీసుకోలేదు. వెళ్ళేటప్పుడు చెప్పులు తొడుక్కుంటూ, "వెళ్ళొస్తానండీ" అంది. నన్ను ఎప్పుడూ అండీ అనలేదు అప్పటిదాకా.

నందిగామ పెద్దాయన, రూలు జగ్గయ్యపేట వాళ్ళదేనండి, మేం మార్చలేదండి అని అందరికీ మెత్తగా చెప్పుకున్నాడు. మా మరిది వాళ్ళ ప్రోగ్రామ్ తప్పు అన్నాడు. వీధిలో వాళ్ళకి రూలూ ప్రోగ్రామూ పట్టలేదు. చేతిదాకా వచ్చిన పెళ్ళి చెడగొట్టింది, ముందే చెప్పొచ్చుగా, శుభలేఖలు అచ్చయ్యేదాకా ఆగింది అన్నారు. సంబంధం అడగడానికి నా దగ్గరకు రావడం అప్పటితో పూర్తిగా ఆగిపోయింది. వస్తే ఏం బయటపెడుతుందోనని భయం. కొన్నాళ్ళకి నందిగామ ఆఫీసులో ఫారం మార్చారట, దత్తత దగ్గర ఉంది, లేదు, తెలియదు అని మూడు గడులు పెట్టారట. అందరూ లేదు దగ్గరే టిక్కు పెడుతున్నారని మరిది నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

మా కోడలికి మరుసటేడు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. అలాంటి రూల్సు పనే. ఒకసారి ఫోన్ చేసి, "అత్తా, పెద్ద మీటింగులో మన కథ చెప్పా. పేర్లు చెప్పలేదులే. ఒక చోటి లేదు ఇంకో చోటికి వెళ్తే ఎట్లా మారిపోతుందో దీనికంటే మంచి ఉదాహరణ లేదన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు" అంది. దాని గొంతులో సంతోషం. దాన్ని తప్పు పట్టలేను, చిన్నపిల్ల. ఫోన్ పెట్టేసి వచ్చి, ఉల్లిపాయలు తరగడానికి కూచున్నాను.

ఇంకో మూడేళ్ళకి గుమాస్తాగారి అబ్బాయి, ఆ పిల్ల తమ్ముడు, తనతో పనిచేసే అమ్మాయిని ప్రేమించానన్నాడు. ఏ ఊరో ఏ ఇంటిపేరో ఎవరూ ఆరా తీయలేదు. పోన్లెండి, వాళ్ళు సుఖంగా ఉంటే చాలు అని గుమాస్తాగారే అన్నారు. పెళ్ళి బాగా చేశారు. మమ్మల్నీ పిలిచారు. అక్క ముప్పయ్యొక్క ఏళ్ళు దాటి, పెళ్ళివాళ్ళకి పన్నీరు చల్లుతూ గుమ్మంలో నిలబడి ఉంటే, నేను నలుగురు లోపలికి వెళ్ళేదాకా పక్కన ఆగాను. వెళ్ళాను. నా మీదా చల్లింది.

ఆ మరుసటి వేసవిలో దానికి మళ్ళీ ఒక సంబంధం వచ్చింది. భార్య పోయినతను, మంచి ఉద్యోగం, పిల్లలు లేరు. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. పిల్లకి ఇష్టమేనని, ఈసారి ఖాయమేనని వాళ్ళమ్మ ఎవరితోనో అంటే విన్నాను. ఒక ఆదివారం పొద్దున నేను మినప్పప్పు కడుగుతుంటే గుమ్మం బయట ఆ పిల్ల నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నాను. రాలేదు. చేతిలో కాగితం ముక్క చాచింది. అబ్బాయి ఇంటిపేరు, తల్లి పుట్టింటిపేరు, తాతల ఊళ్ళు, దాని గుండ్రటి టీచరు రాతలో ఉన్నాయి.

"వీళ్ళ గురించి మీకేమన్నా తెలిస్తే ఇప్పుడే చెప్పండి" అంది.

రెండుసార్లు చదివాను. ఆ ఊళ్ళు నేనెప్పుడూ చూడలేదు. ఆ ఇంటిపేర్లు నా చెవిన పడలేదు. ఎంత వెతికినా నా దగ్గర ఒక్క ముక్క లేదు.

"నాకు తెలీదమ్మా."

"తెలీదా, చెప్పడం లేదా?"

"నిజంగా తెలీదు తల్లీ. మీ అమ్మ మీద ఒట్టు. ఆ వైపు వాళ్ళెవరూ నాకు తెలీదు."

నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నేను జాలిపడి దాస్తున్నానా, లేక మళ్ళీ అచ్చైన శుభలేఖ చూసి నోరు తెరుస్తానా అని దానికి తేలడం లేదు. దాన్ని నమ్మించడానికి నా దగ్గర ఏ మాటా లేకపోయింది. తెలుసని చెప్పి ఉంటే ఒక్క క్షణంలో నమ్మేది.

కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి, జాకెట్లో దోపుకుని వెళ్ళిపోయింది. ఆ సంబంధం వద్దని చెప్పింది తనేనని, కారణం అడిగితే చెప్పలేదని నెల తర్వాత వాళ్ళమ్మ నీళ్ళ పంపు దగ్గర నాతో అంది. నా వైపు చూడకుండా, బిందె నిండేదాకా నీళ్ళ వైపే చూస్తూ అంది.